పెద్దల అమావాస్య చొక్కా

“ఆ పుస్తకం ఎవురన్నా తీయండప్పా! ఊరుబిండి నూరుకోవల్ల,” అని అరిచింది ఖాతూన్‌బీ.

తీసేవాళ్ళు లేరు.

పట్టాళం వాళ్ళిచ్చిన ఎర్ర అట్ట డిశ్చార్జి పుస్తకం మొన్న సాయంత్రం నుంచి రోట్లోనే ఉంది. అనంతపురం నుంచి వచ్చీ రాగానే షాహిస్తా విసిరిన విసురుకు అక్కడ పడింది. విసిరిన కూతురు తీయదు. పుస్తకం ఎవరిదో ఆ తండ్రి తీయడు. రెండు రోజులుగా ఆ ఇంట్లో పచ్చడి లేదు, కారం లేదు. మమకారం సంగతి ఇంకా తేలలేదు.

కంబదూరు పక్కన ఆ ఊళ్ళో మిలిట్రీ కరీం సాబ్ అంటే మేకపిల్లకు కూడా తెలుసు. కార్గిల్ వీరుడు. మొన్న మధ్యాహ్నం పన్నెండున్నర దాకా.

పన్నెండున్నరకు ఎమ్మెస్సీ సీటు కోసం మాజీ సైనికుల పిల్లల కౌంటరు ముందు షాహిస్తా నిలబడింది. అవతలి మనిషి పుస్తకం తిరగేసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, “మీ నాయన కుక్కు గదమ్మా. కార్గిల్ అని రాసినావే? ఆ యేడంతా ఈయన కింద క్యాంపులో వంటశాల్లో ఉండాడే?” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, తిరిగి తిట్టడానికి వీలయ్యేది.

వెనక వరసలో ఉన్న పిల్లలకు అప్పటిదాకా తండ్రి గ్రెనేడు గాయం గురించి చెబుతూనే ఉంది షాహిస్తా. కుక్కు అన్న ఆ ఒక్క మాటతో నోట్లో గుడ్డ కుక్కినట్టయింది.

అంటే ఆయన చేసింది పోరు కాదు, పూరీ. పదిహేడేళ్ళు కోసింది ఉల్లిగడ్డలు, ఊరికొచ్చి కోసినవి కోతలు. వంటవాడు కదా, అబద్ధం బాగా వంటబట్టింది.

ఇదంతా నవ్వుకోవలసిన సంగతే. ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రావడం లేదు.

“స్నానం చేసినావు. గడ్డం గీసుకున్నావు,” అంది షాహిస్తా, తండ్రిని చూడకుండా గోడతో. “పోతాండావన్నమాట.”

“పెద్దల అమావాస్య గదా. పిలిస్తే పోవద్దా?” అన్నాడు కరీం సాబ్, ఆయన కూడా గోడతోనే.

“పోయి?”

కరీం సాబ్ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“పోయి చొక్కా తొడుక్కుంటావా? ఓబిలేషు చిన్నాయన పేరుతో పెట్టిన చొక్కా? ఈ యేడు గూడా?”

పెద్దల అమావాస్యకు ఊళ్ళో ప్రతి ఇంట్లో పోయినవాళ్ళ పటం ముందు కొత్త బట్టలు పెడతారు. తరువాత ఆ బట్టలు ఇంటి మనిషే ఎవరో ఒకరు తొడుక్కుంటారు. బయమ్మ ఇంట్లో మాత్రం వేరే వరస. ఆమె పెద్దకొడుకు ఓబిలేష్ కార్గిల్ కొండ మీద పోయినవాడు. వాడి పేరున పెట్టిన బట్టలు తొంభై తొమ్మిది నుంచి కరీం సాబ్‌వి. చివరి నీళ్ళు తాపినవాడు కొడుకుతో సమానమని ఆమె లెక్క. పట్టాళంలో ఉన్న యేళ్ళలో సెలవుకు వచ్చేదాకా పెట్టెలో దాచి పెట్టేది. ఇరవై ఆరు జతలు. ఇది ఇరవై ఏడోది.

“నేను ఐదో తరగతి నుంచి పంద్రాగస్టుకు చెప్పిన స్పీచి నీకు గుర్తుండాదా నాయనా?” అంది షాహిస్తా. “‘మా నాన్నగారి కుడిచేతి మీద ఉన్న మచ్చ భారతమాత బొట్టు’ అని చెప్పేదాన్ని. హెడ్మాస్టరు ముత్యాలప్ప సారు కండ్లు తుడుచుకునేవాడు. నువ్వు ముందు కుర్చీలో కూచోని చేయి ఎత్తి అందరికీ చూపిచ్చేవాడివి!”

“నూనె చిందింది,” అన్నాడు కరీం సాబ్ మెల్లగా.

“ఏమి?”

“కడాయిలో నూనె. పెద్ద కడాయి. చిందింది.”

“ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు,” అంది ఖాతూన్‌బీ.

తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

ఖాతూన్‌బీ కొంగు పక్కకు జరిపి తన కుడిచేయి ముందుకు చాపింది. మణికట్టు పైన రూపాయి బిళ్ళంత మచ్చ. అదే ఆకారం, అదే రంగు. “నాకూ ఉండాది. నేను ఏ బార్డర్లో కొట్లాడినా? పెండ్లయిన మూడో నాడే చూసినా ఈయన చేయి. గ్రెనేడు అని చెప్పినాడు. వంటింటి ఆడదానికి చెప్పే మాటనా అది?”

“మరి యాల ఊరుకున్నావమ్మా?”

“ఈయప్ప అంత సంతోషంగా చెప్తాంటే ఏం చెప్పేది?” ఆమె రోట్లో పుస్తకం వైపు చూసింది. “బయట అందురూ అన్నా, అన్నా అంటాంటే ఇంట్లోకి వచ్చేవాడు. వచ్చినాక నేను వండితే ఉప్పు తక్కువ, ముద్ద గట్టి అని ఒగ్గ వంక గూడా పెట్టేవాడు కాదు. వంట సంగతి ఎత్తితే తనకు వంట తెలుసని బయటపడతాదని. ఇంత మంచి మొగుడు ఎవురికి దొరుకుతాడు?”

ఎప్పుడైనా అయితే కరీం సాబ్ ఈ మాటకు ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేవాడు. ఇప్పుడు తల వంచుకుని అరచేతులు చూసుకున్నాడు. పదిహేడేళ్ళు పిండి పిసికిన చేతులు. పెళ్ళాం ముందు ఇన్నేళ్ళు ఒట్టి ఒంటితో తిరిగినట్టు అనిపించింది ఆయనకు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

“యాల నాయనా?” షాహిస్తా వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. “వంట చేస్తే ఏం తక్కువ? సిపాయికి అన్నం వద్దా?”

“మా నాయన ఏం చేసేవాడు?”

“జేజినాయనా? పెండ్లిండ్లకు వంట చేసేవాడు.”

“ఊరు ఏమని పిలిచేది?”

ఆమెకు తెలియదు.

“గరిటె సాబ్. నన్ను చిన్న గరిటె. హాజరు పట్టీలో తప్ప నాకు కరీం అనే పేరు యాడా లే. అందురు పెండ్లిలో పందిట్లో తిరుగుతాంటే నేను పొగలో పొయ్యి ఊదేవాణ్ణి. ఇంగ చాలని, భర్తీకి అనంతపురం పోయి పరుగెత్తినా. పరుగులో మూడోవాణ్ణి తెలుసా? ఛాతీ కొలిస్తే ఒగ సెంటీమీటరు తక్కువ వచ్చింది. తుపాకికి చాలదన్నారు. వంటకు చాలునన్నారు.” ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. “మళ్ళ అదే గరిటె చేతిలో పెట్టినారు. ఇంకా పొడుగుది.”

“అది చెప్పుంటే సరిపోయేదిగదా.”

“మొదటి సెలవుకు వచ్చినప్పుడు చెప్పినా. టీ అంగడి మారెప్ప ‘పట్టాళం దాకా పోయి పూరీ తేల్చినావా, ఈడ తేలదా?’ అన్నాడు. వారం దినాలు ఊరంతా అదే మాట. తరువాత కార్గిల్ వచ్చింది.”

ఆ తరువాతిది చెప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఓబిలేష్ ఆయన ఈడువాడు. ఆయనకు తక్కువైన సెంటీమీటరు ఓబిలేషుకు ఎక్కువుండి తుపాకి దొరికింది. శవం పెట్టెలో వచ్చింది. పెట్టెతో వచ్చినవాళ్ళకు తెలుగు రాదు, బయమ్మకు హిందీ రాదు. వాళ్ళు సెల్యూట్ కొట్టి, ఒక కాగితం ఇచ్చి, చీకటి పడకముందే వెళ్ళిపోయారు. నెలన్నరకు కరీం సాబ్ సెలవులో ఊళ్ళో బస్సు దిగాడు.

“పరిగెత్తుకుంటా వచ్చింది. చెప్పుల్లేవు కాళ్ళకు. నా చొక్కా పట్టుకొని, ‘నువ్వు ఆడ నుంచే గదా వచ్చింది, నా కొడుకును చూసినావా?’ అని అడిగింది. ఊరంతా చుట్టూ నిలబడుకోనుండారు. చూసినా అన్నా.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “‘నీళ్ళన్నా తాగినాడా?’ అనింది. తాపినా అన్నా. నా ఒళ్ళోనే పోయినాడు అన్నా. అంతే. ఆమె ఏడుపు నిలిచిపోయింది పాపా. అట్ల, కొళాయి కట్టేసినట్ల. నిలబడి నా మొగం తడిమింది.”



“సరే. ఆ మాట ఆమె కోసం చెప్పినావు,” అంది షాహిస్తా. “మారెప్ప అంగట్లో ఎంతమందిని కాల్చినావని అడిగితే ముగ్గురన్నావంట. నాకు తెలివొచ్చేనాటికి ఏడుమంది. పోయిన యేడు బళ్ళో పదకొండు. అది ఎవురి కోసం?”

యుద్ధం ముగిశాక కూడా ఏటేటా శత్రువులు చస్తూనే వచ్చిన యుద్ధం అదొక్కటే అయి ఉంటుంది.

“నా కోసం,” అన్నాడు కరీం సాబ్. “మొదటిది ఒగటే ఆమె కోసం. యుద్ధంలో వంట మాన్పిచ్చి తుపాకి ఇచ్చినారంటే ఊరు గరిటె మాటే మరిచిపోయింది. మిగిలిందంతా నా కోసమే.”

వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. బయమ్మ చిన్నకొడుకు ఎర్రన్న. బండి దిగకుండానే కేక పెట్టాడు. “కరీమన్నా! ఏం, ఈ యేడు పట్టాళం నుంచి ఆర్డరొస్తే గాని కదలవా? మాయమ్మ పొద్దున్నుంచి పచ్చి గంగ గూడా ముట్టలే. రా అన్నా!”

“వస్తాండా ఎర్రన్నా. నువ్వు పో.”

“నేనూ వస్తాండా,” అంది షాహిస్తా లేచి.

ఖాతూన్‌బీ కూతురి చెయ్యి పట్టుకుంది. “ఆ ముసలామె ఆ ఒగ్గ మాట మీద బతుకుతాండాది. దాన్ని తీసేస్తే నువ్వేం పెడతావు ఆడ?”

“నాయన చెప్పకపోతే నేను చెప్తా.”

ఊరి బయట శెనిక్కాయ చేలు వాన లేక ముడుచుకుని ఉన్నాయి. దారిలో ఎదురైన ప్రతివాడూ అలవాటు ప్రకారం నుదుటికి చెయ్యి పెట్టి సెల్యూట్ కొట్టాడు. ప్రతి సెల్యూట్‌కూ కరీం సాబ్ ఒక అడుగు పొట్టయినట్టు నడిచాడు. కూతురు పక్కన లేకపోతే ఆ దారిలో ఆయన ఛాతీ సెంటీమీటరు కాదు, జానెడు పెరిగేది.

బయమ్మ ఇంట్లో ఓళిగల వాసన. గోడకు యూనిఫాంలో ఓబిలేష్, ఇరవై ఆరేళ్ళవాడు. పటం కింద పళ్ళెంలో ఓళిగలు, అలసంద వడలు, పసుపు పెట్టిన పంచె, తెల్ల చొక్కా.

“వచ్చినావా నాయనా.” డెబ్భై ఆరేళ్ళ బయమ్మ గోడ పట్టుకుని లేచింది. చొక్కా మడత విప్పి ఆయన భుజాలకు ఆనించి చూసింది. “కళ్యాణదుర్గంలో కుట్టిచ్చినా. నడుము దగ్గర రెండు వేళ్ళంత ఎక్కువ పెట్టమన్నా. మొదట్లో వాడి కొలతకే కుట్టిచ్చేదాన్ని. నువ్వు ఒళ్ళు చేస్తాంటే నేను గూడా వదులు చేయిస్తా వచ్చినా. బతికుంటే వాడూ ఇట్లే ఒళ్ళు చేసుండు. వాడికి ఇప్పుడు బొజ్జ వచ్చుండు అనుకుంటా, నిన్ను చూసినప్పుడంతా.”

షాహిస్తా చెప్పడానికని తెచ్చుకున్న మాట గొంతులో ఎక్కడో తప్పిపోయింది.

“కూచో. ఆ మాట చెప్పు. చెప్పినాక తొడుక్కుందువు.”

ఇది కూడా ఏటా ఉన్నదే. కరీం సాబ్ చెబుతాడు. ఆమె కళ్ళు మూసుకుని వింటుంది. ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే ఆమే అందిస్తుంది.

“తెల్లారుతాండాది,” అని మొదలుపెట్టాడు కరీం సాబ్.

“ఊఁ.”

“చలి.”

“పండ్లు కొట్టుకునే చలి,” అందించింది బయమ్మ.

కరీం సాబ్ ఆగిపోయాడు. ఎర్రన్న గుంజకు ఆనుకుని వింటున్నాడు. షాహిస్తా తల ఎత్తలేదు. 

“వాడు నా చెయ్యి పట్టుకున్నాడు అంటావు గదా ఇప్పుడు,” అంది బయమ్మ.

“పెద్దమ్మా, నేను ఆడ లేను.”

“ఆ?”

“కొండ మీద నేను లేను. ఎప్పుడూ లేను. నేను కింద క్యాంపులో వంటవాణ్ణి. రైలు దిగి పైకి పొయ్యేటోళ్ళకు పూరీలు చేసేవాణ్ణి. ఓబిలేషును నేను చూడలే. నీళ్ళు నేను తాపలే.”

బయమ్మ కళ్ళు తెరిచింది. అర్థమైనట్టు లేదు. ఎర్రన్నకే ముందు అర్థమైంది.

“ఏమంటివి?” అని గుంజను వదిలి ముందుకొచ్చాడు. “ఇరవై ఆరేండ్లు మా అన్న బట్టలు కట్టినావు! ఈ ఇంట్లో నేను కొడుకును కానా? నాకు ఒగ్గసారి గూడా కట్టనీలే ఆ చొక్కా. కరీముకు, కరీముకు, అని! సిగ్గు లేదా నీకు?”

“ఉండాది ఎర్రన్నా.”

“ఉంటే ఇన్నేండ్లు యాడ దాచినావు? పూరీ పిండిలోనా?”

“ఎర్రన్నా,” అంది బయమ్మ. అంతే అంది. అతను నోరు మూసుకున్నాడు.

ఆమె చొక్కాను ఒళ్ళో పెట్టుకుంది. బొత్తాలు ఒక్కొక్కటే పెడుతూ పోయింది, కింద నుంచి మీదికి. అన్నీ పెట్టాక తల ఎత్తింది.

“పైకి పొయ్యే దోవ నీ క్యాంపు మీదనేనా?”

“అవు పెద్దమ్మా.”

“అయితే మా వాడు గూడా ఆడ ఆగుంటాడు. నీ చేతి పూరీ తినింటాడు. తినింటాడు గదా నాయనా?”

ఎనిమిది వందలమంది వచ్చేవాళ్ళు రోజుకు. కరీం సాబ్ వాళ్ళ మొహాలు చూసేవాడు కాదు, చేతుల్లో పళ్ళేలు చూసేవాడు. ఓబిలేషూ వచ్చి ఉండవచ్చు. ‘తినినాడు’ అంటే ఎవరు కాదనగలరు? అది అబద్ధమని కూడా ఎవరూ నిరూపించలేరు. ముసలామె మొహంలో ఏదో చిన్నగా వెలగడానికి సిద్ధంగా ఉంది. మాట నాలుక మీదికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, అడగకుండానే వస్తుంది.

“తెలీదు పెద్దమ్మా,” అన్నాడు.

జీవితంలో ఆయన చెప్పిన అన్ని మాటల్లోకీ అది చిన్నది. దానికే ఒళ్ళంతా చెమట పట్టింది.

“లేచి పో ఇంగ,” అన్నాడు ఎర్రన్న.

“పోనీయొద్దు,” అంది బయమ్మ. “ఆ ట్రంకు పెట్టె తీయ్. అడుగున ఓబిలేషు కాగితం ఉండాది. తీసుకొని రా.”

ఎర్రన్న కదలలేదు. ఆమె చూపుకు కదిలాడు.

పెట్టెతో వచ్చిన సిపాయిలు ఇచ్చిన కాగితం అది. ప్లాస్టిక్ సంచిలో, ఏటా పెట్టిన పసుపు మరకలతో, మడతల దగ్గర చిరుగుపట్టి ఉంది. ఏటా చొక్కా ఇచ్చాక బయమ్మ దాన్ని తీసి పటం ముందు పెట్టి మొక్కేది. ఒక్కసారి కూడా చదివించలేదు.

“ఆ పొద్దు నిన్ను అడిగినా, ఈ కాగితంలో ఏముండాది అని. ‘నేను చెప్పిందే ఉండాది పెద్దమ్మా’ అంటివి.”

“నేను చదవలే,” అన్నాడు కరీం సాబ్. ఆయన మొహం నేల వైపుంది. “విప్పి చూడాలంటే భయమయింది.”

ఊరు చేసిన సెల్యూట్లు, పదకొండుమంది శత్రువులు, భారతమాత బొట్టు, ఇవన్నీ ఒక ఎత్తు. ఈ ఒక్క మాట ఇంకో ఎత్తు. అది విన్నాక షాహిస్తాకు తండ్రి పక్కన కూర్చోవడానికి కూడా సిగ్గయింది.

“నువ్వు చదవొద్దులే,” అంది బయమ్మ. “నీ నోటితో నాకొద్దు. నీ బిడ్డ చదువుకున్నాది గదా. అబద్ధం చెప్పే పిల్ల కాదు, నాకు తెలుసు. అమ్మా, ఇట్ల రా. ఇంగిలీషులో ఉండాదంట. చదివి, తెలుగులో చెప్పు నాకు.”

షాహిస్తా కాగితం అందుకుంది. విప్పింది. రెండు కాగితాలు. మొదటిది అధికారి సంతాపం, నాలుగు మంచి మాటలు. దాన్ని చదివి తెలుగులో చెప్పింది. మీ కొడుకు ధైర్యవంతుడు, దేశం మరిచిపోదు, అని. బయమ్మ తలూపింది. ఎర్రన్న కళ్ళు తుడుచుకున్నాడు.

రెండోది టైపు కొట్టిన రిపోర్టు నకలు. పొరపాటున కలిసి వచ్చినట్టుంది. షాహిస్తా మనసులో చదువుకుంటూ పోయింది. కాలికి తూటా తగిలింది. కాల్పుల వల్ల దళం వెనక్కు రావలసి వచ్చింది. అతడిని తీసుకురావడం సాధ్యం కాలేదు. మొదటి రాత్రి పిలుపులు వినిపించినవి. రెండో రాత్రి కూడా వినిపించినవి. మూడో రోజు చేరుకోగలిగాము.

ఆమె మళ్ళీ మొదటి నుంచి చదివింది. మాటలు మారలేదు.

“అది గూడా చెప్పమ్మా,” అంది బయమ్మ. “అంతసేపు చదువుతాండావు, శానా రాసుండారే.”

“చెప్తాండా జేజీ.”

“ఎవురో ఒగరు పక్కన ఉండారని రాసినారా? నీళ్ళు పోసినారంటనా?”

షాహిస్తా కరీం సాబ్ వైపు చూసింది. ఆయన ఆమె మొహం చూసి, కాగితంలో ఏముందో అంతా చదివేసినట్టు కళ్ళు మూసుకున్నాడు. వద్దనీ అనలేదు, చెప్పమనీ అనలేదు. అనే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు.

బయమ్మ ముందుకు వంగి, ఆ పిల్ల మోకాలి మీద చెయ్యి వేసింది.

“చెప్పు తల్లీ.”

“పోసినార...” అంటూ మొదలైన మాట, అది తన తండ్రి మాటేనని గుర్తుకొచ్చి, షాహిస్తా నోట్లో సగంలో ఆగిపోయింది.